నీళ్ళు పంపినవాళ్ళు

జూలై 3

నీరు నలభై రెండో మెట్టును తాకుతోంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేదు. గాలి లేదు. పొగమంచు నీటి మీది హద్దు తాడు అవతలే ఆగి ఉంది.

పొద్దున్నే ఏడు కడవల నీళ్ళు వడగట్టాను. మొదటి గుడ్డ బూడిదరంగుకు తిరిగింది. రెండోది కొంచెం మాసింది. మూడోది తెల్లగానే ఉంది కాబట్టి తాగడానికి పనికొస్తాయి. గుడ్డకు పట్టిన నుసిని ముత్యాలు మావ సున్నం గోతిలో వేశాడు. ఎప్పటిలాగే చిటపటలాడి చల్లారింది.

కడవలు పైకి చేరుస్తుంటే నలభై ఒకటో మెట్టు మీద కత్తిపీట కనిపించింది. అది మాదే. రెండు నెలల కిందట చేపలు కోస్తూ నేనే నీళ్ళలోకి జారవిడిచాను. అప్పటికే దాని చెక్కకు పగులుంది. ఇప్పుడు లేదు. చెక్క మీద మా అమ్మ పేరు ‘సూరమ్మ’ అని ఉండేది. ఇప్పుడూ ఉంది, కానీ అద్దంలో పెట్టి చూస్తే తప్ప చదవలేం.

నుసి పద్ధతి అంతే. మా తాతల కాలంలో, సముద్రం పైకొచ్చి ఊళ్ళన్నీ మునిగినప్పుడు, నీళ్ళలోని విషాలు తినమనీ, తెగినవాటిని అతకమనీ దాన్ని చల్లారు. చల్లినవాళ్ళు పోయారు. అది మాత్రం పని మానలేదు. తనలో పడినదాన్ని పడినట్టే మళ్ళీ తయారుచేస్తుంది, నీటిలో నీడలాగ కుడి ఎడమలు తారుమారు చేసి.

నియమం ప్రకారం కత్తిపీటను గోతిలో వేయించాను. తవిటమ్మ పడవ తాడు చుడుతూ నవ్వింది.

“కొత్తదాన్ని కాల్చీసి, రేపు పాతదాని కోసం ఏడుత్తావు. నీకు తోచినట్టు కానీయే, సన్నాసీ.”

ఈ ఎర్రమెట్ట కింది మెట్టు దగ్గర తవిటమ్మా నేనూ పద్నాలుగేళ్ళుగా కలిసి పనిచేస్తున్నాం. ఆమె పడవ నడుపుతుంది, నేను పుస్తకం రాస్తాను. ఇళ్ళు పక్కపక్కనే, ఇద్దరి పొయ్యీ ఒకటే.

జూలై 6

నీరు నలభై రెండు.

నాకు జ్వరం. హద్దు తాడుకు కట్టిన డబ్బాల్లో ఒకటి ఊడిపోయిందని తవిటమ్మ ఒక్కతే పడవ వేసుకుని వెళ్ళింది. రోజూ ఇద్దరం వెళ్ళే పని.

“నువ్వు పడుకో. అన్నం టైముకి వొచ్చెత్తాను,” అంది.

రాలేదు. మధ్యాహ్నం పొగమంచు తాడు దాటి ఇవతలికి వచ్చింది. సాయంత్రం తిరిగి వెనక్కు తగ్గింది. ఊడిన డబ్బాను ఆమె కట్టేసింది, ఇక్కడి నుంచి కనిపిస్తోంది. పడవ కనిపించడం లేదు.

జూలై 9

నీరు నలభై రెండు.

మూడు రోజులుగా గంటకోసారి గంట కొడుతున్నాం. మంచులో దారి తప్పినవాళ్ళకు చప్పుడే ఆధారం. ఈ నీటికి సొంత చప్పుడు లేదు. అలలు మెట్లకు తగులుతాయి గానీ వినిపించవు. కొత్తగా వచ్చినవాళ్ళు తమ చెవులే పాడయ్యాయని అనుకుంటారు.

తవిటమ్మ తండ్రి అప్పలస్వామి చిన్నాన్నకు చూపు పోయి ఆరేళ్ళు. పూటపూటా అంబలి నేనే తీసుకెళ్తున్నాను. ఆయన ఏమీ అడగడు. గిన్నె అందుకుని, అడుగుల చప్పుడు ఒకటేనా రెండా అని వింటాడు.

మెట్ట మీద ఉండి మాకు నియమాలు పెట్టే పై కచేరీ నుంచి బుట్టలో చీటీ దిగింది. మూడు రోజులు గడిచాయి కాబట్టి తవిటమ్మ పేరు కొట్టేయమని రాశారు. ఇక మీదట నీటిలోంచి ఏదైనా వస్తే అది తవిటమ్మ కాదని గుర్తుచేశారు. నియమాలు నాకు కొత్తగా చెప్పక్కర్లేదు. వచ్చినదాన్ని చూడగానే గంట మూడుసార్లు కొట్టాలి. చెవుల్లో దూది పెట్టుకోవాలి. దానితో మాట్లాడకూడదు, అది చెప్పేది వినకూడదు. విన్నవాళ్ళు దాని వెంట నీళ్ళలోకి వెళ్ళిపోతారని అంటారు. నడుముకు తాడు కట్టి సున్నం గోతి దాకా నడిపించాలి.

పేరు కొట్టేయలేదు. కలంలో సిరా అయిపోయిందని చీటీ రాసి పంపాను.

జూలై 10

నీరు నలభై రెండు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఎండ తెల్లగా, నీడ లేకుండా ఉంది.

తవిటమ్మ మెట్లెక్కి వచ్చింది.

నలభై ఒకటో మెట్టు మీద నిలబడింది. నీళ్ళలోంచి వచ్చింది కానీ చీర తడవలేదు. అదే నీలం చీర, పైట కుడి భుజం మీద. ముక్కుపుడక ఎప్పుడూ కుడివైపు ఉండేది, ఎడమవైపు ఉంది. నన్ను చూసి నవ్వింది. పై పళ్ళలో సందు కూడా రెండో పక్కకు మారింది.

గంట తాడు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ముత్యాలు మావ అప్పుడు పైన భోజనం చేస్తున్నాడు.

నేను గంట ఎందుకు కొట్టలేదో ఇక్కడ రాయాలి. మూడేళ్ళ కిందట మా తమ్ముడు పోలినాయుడు ఇలాగే మంచులో తప్పిపోయాడు. ఎనిమిదో రోజున వచ్చాడు. ఎడమ చెవికి ఉండే పోగు కుడి చెవికి ఉంది. నేను గంట కొట్టాను. దూది పెట్టుకున్నాను. నా చేత్తోనే తాడు కట్టి నడిపించాను. వాడు పెనుగులాడలేదు. గోతి దాకా నా వైపే తిరిగి ఏదో చెబుతూ నడిచాడు. ‘అప్పా’ అని అక్కను పిలిచే పిలుపు మాత్రం పెదవుల కదలికను బట్టి తెలిసింది. మిగిలినది తెలియలేదు. ఈ మూడేళ్ళలో ఆ కదలికను అద్దం ముందు ఎన్నిసార్లు పలికి చూసుకున్నానో లెక్కలేదు.

అందుకని ఇవాళ దూది పెట్టుకోలేదు.

“సన్నాసీ, నాను సచ్చిపోనేదే,” అంది ఆ వచ్చినామె.

గొంతు తవిటమ్మదే.

“తుంగపాడు నీళ్ళ టాంకీ మీదున్నాను. పడవ బోల్తాపడిపోనాది. కాలు ఇరిగిపోనాది. టాంకీ మీద వాన్నీళ్ళున్నాయి, తాగుతున్నాను. రా, నన్ను తెచ్చీసుకో.”

“నువ్వు ఇక్కడే ఉన్నావు కదా,” అన్నాను.

“ఇక్కడున్నది నాను కాదు. నాను అక్కడున్నాను. బాబుకి అంబలి ఎవలు పెడుతున్నారో అని ఏడుత్తున్నాను. అందుకే వొచ్చినాను.” తండ్రిని తవిటమ్మ ‘బాబు’ అనే పిలుస్తుంది.

ఆమెను నమ్మానని రాయలేను. మనిషి మాట్లాడేటప్పుడు ఛాతీ కదులుతుంది. ఆమె ఛాతీ కదలలేదు. రెప్పలు కూడా నేను వేసినప్పుడే వేస్తోంది.

చీర కొంగు తల మీదుగా కప్పి, వెనక దారిన వాళ్ళింటికే తీసుకెళ్ళాను. ఇంకెక్కడ దాచాలో తోచలేదు. లోపలికి వెళ్ళగానే ఆమె ఏమీ అడగకుండా పొయ్యి దగ్గరకు పోయి అంబలి కలిపింది. ఉప్పు ఏ డబ్బాలో ఉందో తెలుసు. ఎడమ చేత్తో కలిపింది. గిన్నె తీసుకెళ్ళి చిన్నాన్న ఎడమ పక్కన పెట్టింది.

ఆయన ఎప్పటిలాగే కుడిచెయ్యి చాపాడు. ఖాళీ నేల తగిలింది. తర్వాత ఆ చేత్తోనే వెతికి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“నువ్వు నా గుంటవి కాదమ్మా,” అన్నాడు నెమ్మదిగా. “ఆరేళ్ళ నుంచి దాని గిన్ని కుడిపక్కనే ఉంతాది.”

ఆమె బొటనవేలు మడిచి నొక్కుకుంది.

“నీ సెయ్యి సల్లగుంది. నాడి ఆడతా లేదు. గానీ నువ్వు కంగారు పడతన్నావు. నా కూతురు కంగారు పడితే ఇలగే బొటనేలు మడిసి నొక్కుకుంతాది.” ఆయన చెయ్యి వదల్లేదు. “సన్నాసీ, ఉన్నావేటమ్మా?”

“ఉన్నాను చిన్నాన్నా.”

“దీన్ని ఎవలు పంపినారో నాకు తెల్దు. గానీ దీని మాట ఇను.”

అని గిన్నె ఎడమ పక్క నుంచి తీసుకుని అంబలి మొత్తం తాగాడు.

జూలై 11

నీరు నలభై రెండు. మంచు తాడు అవతల ఉంది.

పొద్దున చూసేసరికి ఆమె కూర్చున్న చోట నేల మీద బూడిదలాంటి పొడి ఉంది. ఎడమ చేతి చిటికెన వేలు సగం లేదు. నొప్పి ఉన్నట్టు కనిపించలేదు.

“నీళ్ళకి దూరమైతే ఇలగే రాలిపోతాను,” అంది. “ఇయ్యాల ఎల్దాం.”

“నీళ్ళలో దిగితే మళ్ళీ వస్తుందా, ఆ వేలు?”

“వొస్తాది. గానీ దిగితే నీరు నన్ను మరి పైకి రానివ్వదు. నీడ ఎన్నిసార్లు లేచి నిలబడతాదే?”

తాడు దాటితే నా ఉద్యోగం పోతుంది. అది చిన్న సంగతి. తాడు దాటిన పడవను పై కచేరీ వాళ్ళు తిరిగి మెట్టుకు రానివ్వకపోవచ్చు. ముత్యాలు మావకు చెప్పక తప్పలేదు, గట్టున మిగిలిన పడవల తాళం ఆయన దగ్గర ఉంటుంది. ఏం చెప్పాలో తెలియక ఉన్నదే చెప్పాను. ఆయన సున్నం కలిపే పార పక్కన పెట్టి ఆమెను చాలాసేపు చూశాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, చేతులంతా సున్నం కాలిన మచ్చలు. మొలతాడు నుంచి తాళం విప్పి గట్టు మీద పెట్టి, అటు తిరిగి పని చేసుకున్నాడు.

పది గంటలకు పడవ వదిలాం.

తాడు దాటగానే వెనక ఉన్న ఎర్రమెట్ట కనిపించడం మానేసింది. తెడ్డు నీళ్ళలో వేస్తున్నా చప్పుడు లేదు. నీళ్ళ కింద ఇళ్ళు శుభ్రంగా ఉన్నాయి. వాటిని నుసి బాగుచేసింది. పెంకులన్నీ వరసగా ఉన్నాయి, తలుపులకు రంగులున్నాయి. ఒక గుమ్మం మీద పేరు తిరగేసి రాసి ఉంది. ఇంకో పెరట్లో తాడు మీద బట్టలు ఆరేసి ఉన్నాయి, నీళ్ళలో, కదలకుండా. ఎవరి కోసం ఆరేశారని అడగబోయి మానుకున్నాను.

ఆమె ముందు కూర్చుని చేత్తో దారి చూపించింది. కుడికి తిప్పమన్నప్పుడల్లా నేను ఎడమకు తిప్పాలి. రెండుసార్లు తప్పాక అది అర్థమైంది.

తుంగపాడు టాంకీ గొడుగులాంటి తల ఒక్కటే నీటి మీద ఉంది. దాని మీద తవిటమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. ముక్కుపుడక కుడివైపు ఉంది. పెదవులు పగిలి ఉన్నాయి. ఛాతీ కదులుతోంది.

పడవ తగలగానే కళ్ళు తెరిచింది. ముందు నన్ను కాదు, ఆమెను చూసింది.

“వొచ్చినావా,” అంది, అక్కచెల్లెళ్ళు పొలం నుంచి వస్తే అడిగినట్టు.

“బాబు అంబలి తాగినాడు,” అంది ఆమె. “ఉప్పు సరిపోనాదన్నాడు.”

తవిటమ్మ అప్పుడు ఏడ్చింది. ఐదు రోజుల నుంచి ఆ ఒక్క మాట కోసమే ఆగినట్టు ఏడ్చింది.

తర్వాత నాకు చెప్పింది. మూడో రోజున నీళ్ళ అంచుకు పాకి, వంగి, తండ్రి పేరూ నా పేరూ పిలుస్తూ అరిచిందట. కింద తన నీడ కనిపించిందట. తాను అరవడం ఆపినా నీడ పెదవులు ఆగలేదట. నాలుగో రోజు పొద్దున నీళ్ళు లేచి నిలబడ్డాయి. ఆమె అన్న మాట అదే. నీళ్ళు లేచి నిలబడ్డాయి.

ఇద్దరినీ ఎక్కించుకుని బయల్దేరాం. తవిటమ్మ ఎడమ కాలు మోకాలి కింద నల్లబడి ఉబ్బింది, వాసన వస్తోంది. మెట్టుకు చేరేసరికి బతుకుతుందా అని నాకు భయం పట్టుకుంది. తవిటమ్మ తల నా ఒడిలో ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. ఏవేవో పలవరిస్తోంది.

వచ్చినామె ఎదురుగా కూర్చుని ఆ కాలును చూస్తోంది. అప్పటికి ఆమె చెయ్యి మణికట్టు దాకా రాలిపోయింది.

“నన్ను బాగుచెయ్యడానికే కదా నుసి నన్ను చేసినాది,” అంది.

అని ముందుకు జరిగి, ఉన్న చేతినీ లేని చేతినీ ఆ కాలి మీద ఆనించింది. నేను వద్దనలేదు. అనాలనుకున్నానేమో గుర్తు లేదు. తడిసిన ముగ్గుపిండి ఇంకినట్టు చేతులు కాలిలోకి ఇంకిపోయాయి. తర్వాత మోచేతులు. తర్వాత ఆమె తల దించి తవిటమ్మ మోకాలి మీద పెట్టుకుంది. నిద్రపోయేవాళ్ళలాగే. ఆ తల కూడా వెళ్ళిపోయేటప్పుడు నేను తెడ్డు వేయడం ఆపలేదు. ఆపితే చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది.

తాడు దాటి ఇవతలికి వచ్చేసరికి పడవలో మేం ఇద్దరమే ఉన్నాం. పలకల మీద గుప్పెడు పొడి. కాలు నలుపు తగ్గింది. ఎముక కూడుకుంది. చిన్నప్పుడు గొడ్డలి తగిలిన మచ్చ ఆ కాలికి లోపలి వైపు ఉండేది, ఇప్పుడు బయటి వైపు ఉంది.

మెట్టు దగ్గర సున్నపు తొట్టి ఉంది. నీటి నుంచి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ తొట్టిలో రెండు కాళ్ళూ పెట్టి నడవాలి. మనిషి కాలికి చురుకు పెడుతుంది, అంతే. ఆ కాలు అందులో పెడితే మిగలదు. ముత్యాలు మావ తొట్టి పక్కనే నిలబడ్డాడు.

తవిటమ్మను వీపు మీద ఎక్కించుకున్నాను. నా కాళ్ళు తొట్టిలో పెట్టాను. నాలుగడుగుల తొట్టి. ఆమె పాదాలను నా నడుము చుట్టూ పైకి పట్టుకుని నడిచాను. నా కంటే బరువైన మనిషి. మావ చూస్తున్నాడు. నేను ఆయన ముఖం వైపు చూడకుండా అవతలికి వెళ్ళాను.

“ఇద్దరూ కడుక్కున్నారు,” అన్నాడు ఆయన, ఎవరూ అడగకపోయినా.

జూలై 14

నీరు నలభై రెండు.

తవిటమ్మ లేచి నడుస్తోంది. తండ్రి ఆమె రెండు చేతులూ, ముఖం, చివరికి కాలూ తడిమి చూశాడు. మోకాలి కింద చెయ్యి ఆగింది. “ఇదా,” అన్నాడు. ఆ కాలిని అలాగే కొంతసేపు పట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం ముత్యాలు మావ వచ్చి నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు. ఆయన నాతో పనికి సంబంధించని మాట ఒక్కటీ మాట్లాడి ఎరగడు.

“నాను దూది ఎప్పుడూ ఎట్టుకోనేదు, సన్నాసీ,” అన్నాడు. “సున్నం ఘాటుకి సెవులు మూసుకుంటే తల తిరుగుతాది. పైవోల్లకి సెప్పనేదు.”

నేను కడవ మీద చెయ్యి అలాగే ఉంచాను.

“పదకొండు మందిని గోతిలోకి దింపినాను. పదకొండు మందీ ఏదో ఒక సోటు పేరు సెప్పినారు. నుసి మాయ అనుకున్నాను. మనల్ని లాగడానికి అలగ సెప్తాది అన్నారు కదా. నమ్మినాను. మొన్న నువ్వు తవిటమ్మని ఎత్తుకొచ్చినప్పుడు తెలిసినాది, అది మాయ కాదని.”

“మా వాడు ఏమన్నాడు మావా?”

ఆయన నేల చూశాడు.

“‘అప్పా, ఐసు ఫ్యాక్టరీ మేడ మీదున్నాను’ అన్నాడు. మూడుసార్లు అన్నాడు. నువ్వు ఇనడం నేదని నా వైపు తిరిగి కూడా అన్నాడు.”

అద్దం ముందుకు వెళ్ళి పలికి చూశాను. పెదవులు సరిగ్గా అలాగే కదిలాయి.

జూలై 17

పడవ తవిటమ్మే నడిపింది. నాకు తెడ్డు పట్టడానికి చేతులు రాలేదు. ఆ ఎడమ పాదం పడవ అడుగున ఎటు తిరిగితే అటు దారి ఉందని ఆమె చెప్పింది. తప్పిపోలేదు.

ఐసు ఫ్యాక్టరీ పై అంతస్తు నీటికి రెండు బారల పైన ఉంది. మెట్లు సగం నుంచి ఉన్నాయి. లోపల గది ఊడ్చి ఉంది. మూలన చేప ముళ్ళు కుప్పగా, పొందికగా పోసి ఉన్నాయి. వాడి అలవాటు అది, ఇంట్లో కూడా కంచం పక్కన ముళ్ళు అలాగే పేర్చేవాడు. గోడ మీద గీతలున్నాయి. అరవై ఎనిమిది. ఎనిమిదో గీత దగ్గర బొగ్గుతో రాశాడు:

‘ఇవాళ పంపాను. వాడికి అంబలి పెట్టు అప్పా. వాడు నేనే.’

గది చివర కిటికీ ఉంది. మా తమ్ముడు ఆ కిటికీ కిందే ఉన్నాడు, గోడకు ఆనుకుని. ఎముకలూ, చొక్కా, ఎడమ చెవి దగ్గర నేల మీద పోగు.

నేను ఆ కిటికీలోంచి చూశాను. పొగమంచు ఆ క్షణంలో పల్చగా ఉంది. ఎర్రమెట్ట కనిపించింది. మా మెట్లు కనిపించాయి. సున్నం గోతి పొగ కనిపించింది.

అంటే వాడు చూశాడు. ఎనిమిదో రోజు ఆ పొగ లేవడం చూశాడు. ఆ తర్వాత కూడా అరవై రోజులు ఇటే చూస్తూ ఉన్నాడు.

అక్కడే కూర్చుండిపోయిన నన్ను తవిటమ్మ లేపడానికి ప్రయత్నించలేదు. పక్కనే కూర్చుంది. చాలాసేపటికి తన చీర కొంగు చించి నేల మీద పరిచింది. ఇద్దరం కలిసి వాణ్ణి అందులో పెట్టాం. చిన్న ఎముకలు కూడా వదల్లేదు. ఆమె ఒక్కొక్కటీ నాకు అందించింది, నేను పెట్టాను.

“నాను రాకపోయుంటే నీకు ఇది తెలిసేది కాదు,” అంది దారిలో. “నా మీద కోపం ఉందా?”

“నువ్వు రాకపోతే నీ ఎముకలు కూడా ఇలాగే ఏరుకునేదాన్ని,” అన్నాను.

ఆ మాటకు ఆమె తెడ్డు ఆపి నా తల నిమిరి మళ్ళీ తెడ్డు వేసింది.

జూలై 25

నీరు నలభై రెండు.

ముత్యాలు మావ చెప్పిన పదకొండు పేర్లూ, పదకొండు చోట్లూ ఈ పుస్తకంలో వెనక పేజీలో రాశాను. మా తమ్ముడిది కాక ఇప్పటికి నాలుగు చోట్లకు వెళ్ళొచ్చాం. నాలుగు చోట్లా మనుషులు ఉన్న గుర్తులున్నాయి. మనుషులు లేరు. ఒక చోట పొయ్యి రాళ్ళు, ఒక చోట చంటిపిల్ల ఊయల కట్టిన గుడ్డ. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి నేనే చెబుతున్నాను. ఒకావిడ నన్ను కొట్టింది. తర్వాత నీళ్ళు ఇచ్చింది.

ఇవన్నీ దాచకుండా, నా పేరూ వేలిముద్రా వేసి పై కచేరీకి రాశాను. వీపు మీద తవిటమ్మను తొట్టి దాటించిన సంగతి కూడా. నియమం మార్చమని అడిగాను.

రెండు రోజులకు బుట్ట దిగింది. విన్నవాళ్ళకు ఇలాగే మతి చెడుతుందని రాశారు. వచ్చే నెలలో మనుషులు దిగి వచ్చి పుస్తకం తీసుకుంటారనీ, అప్పటిదాకా కింది మెట్టు వాళ్ళెవరూ పైకి రాకూడదనీ రాశారు. తవిటమ్మ కాలి సంగతి వాళ్ళే చూస్తారట.

చదివి వినిపించాను. ముత్యాలు మావ లేచి వెళ్ళి గోతిలోంచి పార తీసి కడిగి గోడకు ఆనించాడు. సున్నం గట్టిపడుతుందని అన్నాను. పడనీ అన్నాడు.

అప్పలస్వామి చిన్నాన్న మంచం కూడా ఇవాళ కిందికి తెచ్చేశాం. పైవాళ్ళు వచ్చినప్పుడు ముందు తనతో మాట్లాడాలని ఆయన పట్టుదల.

“నా కూతురు కాలు ముట్టుకోవాలంటే ముందు నన్ను లేపాల,” అని మెట్టుకు అడ్డంగా మంచం వేయించుకుని కూర్చున్నాడు.

ఆగస్టు 9

నీరు నలభై రెండు.

పైవాళ్ళు ఇంకా దిగలేదు. తవిటమ్మ ఎడమ పాదం పొద్దుట్నుంచీ మెట్ల వైపే తిరుగుతోందట. ఎటు కూర్చున్నా అటే తిరుగుతోంది. ఆమెకు భయం లేదు, విసుగు మాత్రం ఉంది. బియ్యం చెరుగుతూ ఆ కాలిని తిట్టింది.

పదకొండు గంటలకు మంచు తాడు దగ్గర చీలింది. నీటి మీద ఒక మనిషి ఆకారం నిలువుగా లేచి, నడుచుకుంటూ మెట్టు దాకా వచ్చింది. ఆడమనిషి, పాతికేళ్ళు ఉంటాయి. ఎర్రమెట్ట మనిషి కాదు. మా ఎవరికీ తెలియదు. పాపిట పక్కకు ఉంది. మెడలో పసుపుతాడు. చీర పొడిగా ఉంది. కళ్ళు నా కళ్ళతో పాటే రెప్పలేస్తున్నాయి. నలభై ఒకటో మెట్టు మీద ఆగిపోయింది, కొడతామేమో అన్నట్టు రెండు చేతులూ ముందుకు పెట్టుకుని.

నాకు ఒళ్ళంతా జలదరించింది. అది ఇంక అలవాటు కాదని నాకు తెలిసిపోయింది. ఎంతమంది వచ్చినా ఇలాగే జలదరిస్తుంది.

గంట తాడును ముత్యాలు మావ ఎప్పుడో కోసేశాడు. ఆయన చాప పరిచాడు. నేను గిన్నెలో అంబలి పోసి ఆమె ఎడమ పక్కన పెట్టాను. ఆమె తినలేదు గానీ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

“నువ్వు ఎక్కడున్నావమ్మా?” అని అడిగాను.

ఆమె ముఖం మారిపోయింది. ఎన్ని మెట్ల దగ్గరకు వెళ్ళి ఎన్ని చోట్ల వినేవాళ్ళు దొరక్క తిరిగిందో నాకు తెలియదు. పెదవులు రెండు మూడుసార్లు కదిలాక మాట వచ్చింది.

“కొండవతల, బడి మేడ మీద. నానొక్కదాన్నే కాదు. తొమ్మిది మందిమి ఉన్నాం. పిల్లలు కూడా.”

తవిటమ్మ చేట పక్కన పెట్టి అప్పటికే పడవ దగ్గరకు దిగుతోంది. ఒక్క పడవ చాలదు. పాత పడవ కూడా విప్పమని మావకు చెప్పాను. రెండో తెడ్డు నేను పట్టుకుంటున్నాను.